తువ్వాలు కింద

మా నాన్న మౌలాలి గుంటూరు మిర్చి యార్డులో
నోరు తెరవకుండా ముప్పై ఏళ్ళు మాట్లాడాడు.
కొనేవాడి చెయ్యీ ఆయన చెయ్యీ
ఒక తువ్వాలు కింద కలిసేవి.
చూపుడువేలు పట్టుకుంటే ఒక ధర,
నాలుగు వేళ్ళూ కలిపి నొక్కితే ఇంకో ధర,
అరచేతిలో గోటితో గీస్తే
"అంతకంటే రాదు, పో" అని.
హమాలీలు, గుమాస్తాలు, టిక్కీల మీద కూర్చున్న రైతులు,
అందరి కళ్ళూ ఆ గుడ్డ మీదే.
గుడ్డ కదిలేది.
ధర మాత్రం బయటికొచ్చేది కాదు.

నేను చదువుకున్నదాన్ని.
నరసరావుపేట రోడ్డు కోల్డ్ స్టోరేజీలో
ఎన్ని టిక్కీలు లోపలికి, ఎన్ని బయటికి అని
కంప్యూటర్లో కొడతాను.
రాత్రికి బ్రాడీపేట హాస్టల్లో
గోడకి అతికించిన వైఫై పాస్‌వర్డు కింద పడుకుంటాను.
ఆ రోజు స్నానాల గదిలో చేతికి తగిలిందది,
శనగగింజంత.
దుప్పటి ముసుగేసుకుని
ఫోన్లో నాలుగు మాటలు కొట్టాను.

తెల్లారేసరికి ఫోను నన్ను పరామర్శించింది.
స్కానింగ్ సగం ధరకే అంది.
చెప్పుల బొమ్మలకీ చీరల బొమ్మలకీ మధ్య
గులాబీ రంగు రిబ్బను.
హాస్టలాయన కొడుకు రౌటరు పెట్టె సర్దుతూ
"ఏంటి షాహినక్కా, హాస్పిటల్ సైట్లు తెగ చూస్తున్నావంట" అన్నాడు.
నేను లోపల ఏం మాట్లాడానో వాడికి తెలీదు,
ఏ తలుపు తట్టానో తెలుసు.
అది చాలదూ?

సంసారం గుట్టు, రోగం రట్టు అన్నారు. నిజమే.
రట్టు చెయ్యమన్నది వైద్యుడి ముందు,
చెప్పుల కొట్టు ముందు కాదు.

పక్క మంచం ప్రవల్లిక వీపీఎన్ ఒకటి ఎక్కించిపెట్టింది.
పైసా ఖర్చు లేదు.
ఫోను నొసట చిన్న తాళంచెవి మొలిచింది.
ఆ క్షణం నుంచి నేను నెదర్లాండ్స్‌లో ఉన్నాను.
నాకు రెయిన్‌కోట్లు అమ్మజూపారు, సైకిళ్ళు అమ్మజూపారు,
నాకు రాని భాషలో ఏదో మర్యాదగా అడిగారు.
కిటికీలోంచి మిర్చి ఘాటొచ్చి
నెదర్లాండ్స్‌లో మూడుసార్లు తుమ్మాను.

ఆదివారం నాన్నకి చెప్పాను,
గింజ సంగతి కాదు, తాళంచెవి సంగతి.
విన్నాడు. బీడీ ఆర్పాడు.
"బాగుందమ్మా. ఇంతకీ ఆ తువ్వాలు ఎవరిది?"

ఒకసారి ఎవరో దలాలీ ఊరికే ఇచ్చిన తువ్వాలు కింద
బేరం చేశాడట.
పల్చటి నేత. మిట్టమధ్యాహ్నం ఎండ.
ఇచ్చినవాడు పక్కనే నిలబడి
వేళ్ళ నీడలు లెక్కపెట్టుకున్నాడు.
సాయంత్రానికి ఆ ధర పక్క కొట్లో అమ్ముడుపోయింది.
"ఊరికే ఇచ్చిన గుడ్డకి పోగుకో కన్నుంటుంది" అన్నాడు.

ఆ రాత్రి షరతులు చదివాను. కొండవీటి చాంతాడంత.
ఎక్కడో అడుగున, బొక్కెన రాయికి తగిలినట్టు
ఒక వాక్యం తగిలింది:
మీ వివరాలు మా భాగస్వాములతో.
భాగస్వాములు ఎవరో, ఎందరో.
తీసేశాను.

ఇప్పుడు నెలనెలా డబ్బు కడుతున్నాను,
కిలో తేజా మిర్చి కంటే కాస్త ఎక్కువ.
ఏదీ రాసిపెట్టుకోం అని వాళ్ళ మాట.
మాటే కదా, అని నాన్న నవ్వుతాడు.
పైగా తువ్వాలు వేళ్ళనే దాస్తుంది, ముఖాన్ని కాదు.
నా పేరు చెప్పుకుని నేనే లోపలికెళ్ళి కూర్చుంటే,
ఫోన్ చేసినవాడికి ఓటీపీ నేనే చదివి వినిపిస్తే
ఏ గుడ్డా ఏం చెయ్యలేదు.

రిపోర్టు వచ్చిన రోజు యార్డుకి వెళ్ళాను.
నాన్న ఇప్పుడు బేరాలు చెయ్యడు, ఊరికే వచ్చి కూర్చుంటాడు.
ధరలు తెర మీద ఎర్రగా పాకుతున్నాయి,
అందరూ తలెత్తి చూస్తున్నారు.
టిక్కీల నీడలో ఆయన పక్కన చేరి
భుజం మీది తువ్వాలు లాగి
ఇద్దరి చేతుల మీదా కప్పాను.
కారానికి మొద్దుబారిన వేళ్ళు,
వెంటనే గుర్తుపట్టాయి.
చెప్పాల్సింది చెప్పాను.
నా చూపుడువేలు పట్టుకుని మళ్ళీ అడిగాడు.
మళ్ళీ చెప్పాను.

చుట్టూ అంత జనం.
గుడ్డ కదిలింది.